పొద్దుటి ప్రార్థనలో పోతమ్మ పేరు

కంచరపాలెం, విశాఖపట్నం
1984 ఆగస్టు 12

చిరంజీవి ఆనందానికి,

మామ్మ దీవెనలు. ఇక్కడ ముగ్గురం క్షేమం. ముగ్గురం అంటే నేనూ, నీ భార్య పోతమ్మా, ఆమె కడుపులో అయిదు నెలలుగా అద్దె లేకుండా కాపురముంటున్న ఆ మనిషీ.

నీ ఉత్తరం అందింది. భిలాయి చపాతీల మీద ఒక పేజీ, కొలిమి వేడి మీద ఒక పేజీ, ఉక్కు ఫ్యాక్టరీ ట్రైనింగ్ అయ్యేసరికి ఉక్కునగరంలో క్వార్టర్ రావాలని నన్ను ప్రార్థన చెయ్యమంటూ ఒకటిన్నర పేజీ రాశావు. పెళ్ళాం ఎలా ఉందని అడగడానికి చివర అంచు మిగిలింది.

క్వార్టర్ ఎవరికివ్వాలో చూడడానికి ఒక ఆఫీసు ఉంది. అందులో ఒక మనిషి ఉన్నాడు. ఆయనకి జీతం ఉంది. దేవుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. నేను రోజూ ఏమడుగుతానో నీకు తెలుసు. బైబిల్లో, జైల్లో కూర్చుని స్నేహితుల కోసం ప్రార్థించిన ఆ అపొస్తలుడు తన సంకెళ్ళు ఊడాలని కూడా అడగలేదు. వాళ్ళు దేవుణ్ణి ఎరగాలనీ, పరలోకంలో వాళ్ళకోసం దాచిన నిరీక్షణ వాళ్ళ కంటికి కనబడాలనీ, చనిపోయినవాణ్ణి లేపిన ఆ శక్తి ఎంతటిదో వాళ్ళు తెలుసుకోవాలనీ అడిగాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ నా దగ్గర చదువుకున్న ప్రతి పిల్లకీ ఇదే అడిగాను. మీ నాన్న పోయిన రోజున కూడా ఇదే అడిగాను. ఇప్పుడు నీకూ, పోతమ్మకీ అడుగుతున్నాను. ఇంతకంటే చిన్నది అడగడం నాకు చేతకాదు.

నీకిచ్చిన మాట మీద నిలబడే ఉన్నాను. బాప్తిస్మం గురించి పోతమ్మతో ఒక్క ముక్క అనలేదు. బజారులో నాకు చేపలమ్మిన పిల్ల నా మనవణ్ణి ఎత్తుకుపోయింది గదా అన్న బాధ కూడా ఎప్పుడో పోయింది. మంచి పిల్ల. ఈ మధ్య మాత్రం ముభావంగా ఉంటోంది. నేను వండిన పప్పుచారు ముట్టదు. ఎండు నెత్తళ్ళ చేపలు వేయించుకుని గోడ వైపు తిరిగి తింటుంది.

సీతమ్మధారలో డాక్టరమ్మకి చూపించాను. పిల్లకి రక్తం తక్కువట. వాళ్ళమ్మ ఇంట్లో కాన్పు అవుతూ పోయిందని విని, ఈ కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి, ఇంటి దగ్గర మాట తలపెట్టవద్దు అని గట్టిగా చెప్పింది. పోతమ్మ విన్నది, లేచి చెప్పులు వేసుకుంది.

నూనె రాసుకో. చపాతీకి దేవుడు అన్యాయం చెయ్యలేదు, నమిలి తిను.

మామ్మ

---

భిలాయి
1984 ఆగస్టు 27

మామ్మకి ఆనందం నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. చపాతీ నములుతున్నాను.

మా గదిలో మిగతా ముగ్గురి ఇళ్ళల్లోనూ ముసలమ్మలు క్వార్టర్ కోసం మొక్కులు మొక్కుతున్నారు. మా మామ్మ పరలోకంలో ఇల్లు అడుగుతోందని చెబితే, అక్కడికి షిఫ్టు బస్సు ఉందా అని నవ్వారు. పోనీలే. కడుపుతో ఉన్న మనిషిని ఆ రైలు కట్ట పక్క ఒంటిగదిలో ఎన్నాళ్ళు ఉంచుతానని నా బాధ.

అసలు సంగతి ఇది. పోతమ్మ నాకు వారానికో కార్డు రాసేది. ఇప్పుడు నెలకి ఒకటి, రెండు ముక్కలు. "నాను బాగున్నాను. నువ్వు బాగుండు." అంతే. మామ్మా, నిజం చెప్పు. ఏమైనా అన్నావా? నువ్వు అనకుండా కూడా అనగలవు. బడిలో నీ కళ్ళజోడు పైనుంచి చూస్తే పిల్లలు హోంవర్కు చెయ్యలేదని ఒప్పేసుకునేవాళ్ళని ఊరంతా చెప్పుకునేది.

వాళ్ళమ్మ పోయేటప్పటికి పోతమ్మకి ఏడేళ్ళు. అదే గదిలో ఉందట. ఆ సంగతి నాకు ఒకేసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. భయపడుతోంది. కొంచెం మెత్తగా ఉండు.

డిసెంబరు దాకా నాకు సెలవు ఇవ్వరు.

ఆనందం

---

కంచరపాలెం
1984 సెప్టెంబరు 9

ఆనందానికి,

మెత్తగా ఉండమని నాకు ఉత్తరం రాశావు. నిన్ను రెండేళ్ళ వయసు నుంచి పెంచినదాన్ని. ఎంత మెత్తగా పెంచానో నీ ఉత్తరాల్లో ధైర్యం చూస్తేనే తెలుస్తోంది.

ఏమీ అనలేదు. కళ్ళజోడు పైనుంచి చూడలేదు, శుక్లాలొచ్చాక ఆ పైనుంచి ఏమీ కనబడదు. నెత్తళ్ళ వాసనకి కిటికీ తీశాను, అది నేరమైతే ఒప్పుకుంటాను. అయినా నీ పోతమ్మ వెళ్ళిపోయింది. గురువారం నేను పింఛను తెచ్చుకుని వచ్చేసరికి పొయ్యి అలికి, బిందె నిండా నీళ్ళు పట్టి, "మా అయ్య కాడ ఉంటాను మామ్మగోరూ" అని పక్కింటివాళ్ళతో చెప్పి జాలారిపేట వెళ్ళిపోయింది.

మర్నాడు వాళ్ళ నాన్న పైడయ్య పెట్టె కోసం వచ్చాడు. కూర్చోమన్నాను. గుమ్మం దాటి రాలేదు.

"పంతులమ్మగోరూ, మీరు సదువుకున్నోరు. మా గుంట మీకు నచ్చకపోతే నచ్చలేదని సెప్పండి, ఒట్టుకుపోతాం. అంతేగాని..." అని ఆగాడు.

"అంతేగాని ఏమిటి పైడయ్యా?"

"ఏటీ లేదు" అని పెట్టె భుజానికెత్తుకున్నాడు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి, నా ముందు కళ్ళెత్తలేకపోయాడు. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. కాన్పు ఇంట్లోనే చేయిస్తామన్నాడు, వాళ్ళక్క అసిరమ్మ మంత్రసానిట. డాక్టరమ్మ మాట చెప్పాను. "ఆ మాట మా గుంట ఇనదమ్మా" అన్నాడు. "మీతోటి ఆస్పత్రికి రానంటంది."

నాతో రాదట. నాతో.

నేను చెయ్యగలిగింది ఒకటే. పొద్దుటి ప్రార్థన ఇంకో పావుగంట పొడిగించాను. శుక్రవారం మా చర్చి స్త్రీల సమాజంలో పోతమ్మ పేరు చెప్పాను. అందరూ అడుగుతున్నారు. మా పాస్టరు గురునాథరావు అయ్యగారు మంచి ఆలోచన చెప్పారు. వచ్చే శుక్రవారం మేమంతా జాలారిపేట వెళ్ళి ఆ పిల్ల వాకిట్లోనే పాట పాడి ప్రార్థన చేసి వస్తాం. ఇంతమంది తన కోసం ఎండలో నడిచి వచ్చారంటే ఆ మనసు ఎందుకు కరగదు?

మామ్మ

---

భిలాయి
1984 అక్టోబరు 1

మామ్మా,

కోపంతో రాసి చింపేశాను. ఇది రెండోది.

జాలారిపేట అర్జునరావు తెలుసు కదా, పోతమ్మకి అన్న వరస, మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. సెలవుకి వెళ్ళి నిన్న తిరిగొచ్చాడు. పెట్టె కూడా దించకుండా నా దగ్గరికొచ్చి, "బావా, మీ మామ్మ మా సెల్లిని ఏటి సేద్దారనుకుంటన్నారు?" అన్నాడు.

మీరు శుక్రవారం వెళ్ళారట. అందరూ తెల్లచీరలే. వరసగా నిలబడి పరలోకం పాట ఎత్తుకున్నారట. అసిరమ్మ తలుపు గడియ వేసేసింది. లోపలికి వినబడదనుకుని మీరు ఇంకా గట్టిగా పాడారట. మీరు వెళ్ళాక ఆవిడ వాకిలంతా పసుపునీళ్ళు చల్లింది.

ఎందుకో చెబుతాను. నువ్వు తెల్లవారుజామున లేచి మనసులో ప్రార్థన చేసుకుంటున్నానని అనుకుంటావు. మామ్మా, నీ చెవి మందగించాక నీ మనసులో మాట రైలు గేటు దాకా వినబడుతుంది. పోతమ్మ రోజూ పక్క మీద పడుకుని విన్నది. అర్జునరావు ఆమె మాటల్నే చెప్పాడు: "దినామూ సీకట్నే లేసి నా పేరెత్తి, దీనికి పరలోకం సూపించు, పరలోకం సూపించు అంటన్నారు. మా యమ్మకి సూపించినాడు గదా దేముడు. నాను కూడా ఎల్లిపోతే ఆళ్ళ మనవడికి ఆళ్ళ గుడిలో పిల్లని తెచ్చుకుంటారు కాబోలు. నోటితో ఒక్క మాట అన్నారా నన్ను? దేముడితోనే సెప్పేసినారు."

మొదట నవ్వొచ్చింది. నువ్వు నా కోసం ఇదే ప్రార్థన చేస్తుంటే వింటూ పెరిగాను, నాకది జోలపాట. తర్వాత నవ్వు రాలేదు. వాళ్ళలో కడుపుతో ఉన్న మనిషి ముందు పోయినవాళ్ళ ఊసే ఎత్తరు. ఆ పిల్ల మూడు నెలలు రోజూ తన చావు కోసం ప్రార్థన జరుగుతోందనుకుంటూ నీ పక్కనే పడుకుని, లేచి నీకు నీళ్ళు తోడింది.

ఆ ప్రార్థన మానెయ్. కనీసం కాన్పు అయ్యేదాకా. ఎలాగైనా ఆమెని ఆసుపత్రికి ఒప్పించు. ఇంకేమీ అడగను. క్వార్టర్ కూడా వద్దు.

ఆనందం

---

కంచరపాలెం
1984 అక్టోబరు 14

ఆనందానికి,

నీ ఉత్తరం పొయ్యి ముందు రెండుసార్లు చదివాను. పప్పు మాడింది. మాడనిచ్చాను.

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. పాఠం అర్థమైందో లేదో పిల్ల ముఖం చూస్తే తెలిసిపోతుందని కొత్త టీచర్లకి చెప్పేదాన్ని. ఈ పిల్ల ముఖం నా కళ్ళ ముందే ఉంది.

బస్సెక్కి వెళ్ళాను. ఒక్కదాన్నే. నీలం చీర కట్టుకున్నాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్న పైడయ్య లేచి నిలబడ్డాడు. అసిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నాకు దారి ఇవ్వలేదు, చాప మాత్రం ఇచ్చింది. "ఈసారి పాటలు నేవా?" అంది. లేవన్నాను. "అదృష్టం" అంది. ఆవిడకీ నాకూ పడుతుందనిపించింది.

పోతమ్మ లోపలి నుంచే మాట్లాడింది. నేను చెప్పిందంతా విన్నది. పరలోకం అంటే నువ్వు పోవాలని కాదనీ, ఈ బతుకు ఎంత కష్టమైనా చివరికి మనల్ని ప్రేమించేవాడి ఇల్లుందన్న ధైర్యమనీ, ఆ ధైర్యం బతికి ఉన్నవాళ్ళకే కావాలనీ చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను.

"అయితే మా యమ్మ అక్కడుందా?" అంది.

గుమ్మంలో అసిరమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. పైడయ్య వల వదిలేశాడు.

ఆనందం, దీనికి మా అయ్యగారి దగ్గర జవాబుంది. నా దగ్గర కూడా ఉండేది, క్లాసులో ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. ఆ గుమ్మం ముందు నోరు తెరిచేసరికి అది రాలేదు. మీ నాన్నని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం నాకు కావలసింది జవాబు కాదని గుర్తొచ్చింది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "మీ అమ్మని నాకంటే ఆయన ఎక్కువ ఎరుగును. నేను కూడా ఆయన్ని ఇంకా ఎరగాలనే పొద్దున్నే లేచి అడుగుతున్నాను."

"మీకూ తెల్దా?" అంది. ఆ గొంతులో మొదటిసారి కొంచెం ప్రాణం విన్నాను. "మరి అంత గట్టిగా అరుత్తారు, అన్నీ తెలిసినట్టు?"

అసిరమ్మ పకపకా నవ్వింది. నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

అప్పుడు బయటికి వచ్చి నా ముందు కూర్చుంది. చిక్కిపోయింది. "అడగండి" అంది. "ఇక్కడ, నా ఎదురుగా అడగండి. నాకు తెలిసే మాటలతోటి. పుస్తకం మాటలు ఒద్దు."

ప్రయత్నించాను. "సర్వోన్నతుడవైన తండ్రీ" అనగానే "ఆగండి, ఎవులు?" అంది. మళ్ళీ మొదలెట్టాను. నిరీక్షణ అనే మాట తీసేస్తే ఏం పెట్టాలో తెలియలేదు. "ఎదురుసూడ్డం అనండి" అన్నాడు పైడయ్య. "తెప్ప ఎల్లినాక ఆడోళ్ళు ఒడ్డున కూకుంటారు గదా, అది." అదీ సరిగ్గా అదే కాదు, కానీ దగ్గరగా ఉంది. నా జీవితంలో అంత కుంటుతూ ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. బడి పిల్ల ఇలా చదివితే బెంచీ ఎక్కించేదాన్ని.

ఆసుపత్రికి వస్తానని మాట ఇవ్వలేదు. రానని కూడా అనలేదు. ప్రార్థన మానెయ్యమన్నావు. మానలేను, కానీ కంచరపాలెంలో ఆమె పేరెత్తి చెయ్యడం మానేశాను. ఆదివారాలు జాలారిపేట వెళ్ళి ఆమె ముందే చేస్తాను, ఆమె దిద్దుతుంది.

మామ్మ

---

భిలాయి
1984 నవంబరు 4

మామ్మా,

పోతమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. వెనకా ముందూ నిండా రాసింది. "మీ మామ్మ నా కాడ పాఠం నేర్చుకుంటన్నాది, మొద్దుగానే ఉంది" అని ఉంది. ఆ కార్డు ఎన్నిసార్లు చదివానో అడక్కు.

ఒక మాట. ఇక్కడ కొలిమి నోరు తెరిచినప్పుడు కరిగిన ఇనుము కాలువ కట్టి పారుతుంది. ఎంత దూరంగా నిలబడినా ముఖం కాలిపోతుంది. శక్తి అంటే ఇదే అనుకునేవాణ్ణి. కానీ తలుపు గడియ వేసుకున్న పిల్ల మళ్ళీ బయటికి వచ్చి నీ ఎదురుగా కూర్చుందంటే, ఆ శక్తి పేరేమిటో నాకు తెలియలేదు. నువ్వు అడిగేవాటిలో మూడోది అదేనా?

నేను ఇప్పటిదాకా దేవుణ్ణి అడిగినవన్నీ దరఖాస్తులే. నిన్న ఏమీ అడక్కుండా కాసేపు కూర్చుని చూశాను. ఇబ్బందిగా ఉంది. నిద్ర కూడా వచ్చింది. మళ్ళీ కూర్చుంటాను.

ఆసుపత్రి సంగతి మాత్రం మరిచిపోవద్దు. డిసెంబరు రెండో వారంలో నెలలు నిండుతాయి, నేను వచ్చేసరికి నెలాఖరు అవుతుంది.

ఆనందం

---

కంచరపాలెం
1984 డిసెంబరు 19

చిరంజీవి ఆనందానికి,

తంతి అందే ఉంటుంది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. తంతిలో పట్టనిదంతా ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

నొప్పులు పదకొండో తారీకు పొద్దున్న మొదలయ్యాయి. అసిరమ్మే చూసి, "ఇది నా సేతిలో పని కాదు" అని ఆవిడే రిక్షా తెప్పించింది. పోతమ్మ కదలనంది. వాళ్ళమ్మ ప్రాణం ఇదే గదిలో పోయింది, తానూ ఇక్కడే ఉంటానంది. పైడయ్య నా దగ్గరికి మనిషిని పంపాడు. నేను వెళ్ళేసరికి రిక్షా వాకిట్లో ఉంది, పిల్ల నులకమంచం పట్టె పట్టుకుని ఉంది.

పక్కన కూర్చున్నాను. ఆదివారాల పాఠాలన్నీ మరిచిపోయాను. "దేముడా, దీనికి బయ్యంగా ఉంది, నాకూ బయ్యంగా ఉంది" అన్నాను. అంతే వచ్చింది. అది నా భాష కాదు, కానీ అదే వచ్చింది.

పోతమ్మ నా ముఖంలోకి చూసింది. "మీకూనా?" అంది. పట్టె వదిలి నా చెయ్యి పట్టుకుంది. దారి పొడుగునా వదల్లేదు. ఇప్పటికీ మణికట్టు నల్లగానే ఉంది, వచ్చాక చూపిస్తాను.

పెద్దాసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళేముందు బల్ల మీద పడుకుని, "మామ్మగోరూ, ఆ పొద్దుటిది అనండి" అంది.

"ఏ పొద్దుటిదే?"

"అదే. పరలోకం సూపించు అన్నది. పుస్తకం మాటలతోటే అనండి. నాకిప్పుడు అర్థం అవుతాది."

మూడు నెలలు ఆ పిల్లని భయపెట్టిన మాటలు అవి. నా నోటితో మళ్ళీ అనడానికి నాకు ధైర్యం చాలలేదు. అడిగింది కాబట్టి మొదలుపెట్టాను. నిన్ను ఎరిగేలా అన్నాను. నిరీక్షణ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అప్పుడు పోతమ్మ అందుకుంది. కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళతో మాట్లాడినట్టే అంది:

"నువ్వెవులో నాకు సరిగ్గా తెల్దు. తెలియజెయ్యి. మా యమ్మ నీ కాడుంటే, నాను దిగులు పడ్డం నేదని సెప్పు. నన్ను మాత్రం ఇప్పుడే పిలవకు, ఈ గుంటని పెంచాలి."

నర్సు తలుపు మూసేసింది. మేం ముగ్గురు ముసలాళ్ళం బయట బెంచీ మీద కూర్చున్నాం. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. పైడయ్యది సరిపోయింది. మధ్యాహ్నానికి నీ కూతురు వచ్చింది. రంగు వాళ్ళది, ముక్కు మీ నాన్నది, అరుపు నాది.

మా అయ్యగారు చూడ్డానికి వచ్చి, బాప్తిస్మం సంగతి ఆలోచించవచ్చు కదా అన్నారు. ఆ పిల్లా, ఆ దేవుడూ ఇప్పుడిప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, మధ్యలో మనమెందుకని చెప్పాను. టీ తాగి వెళ్ళారు.

నిన్న తల్లీబిడ్డల్ని కంచరపాలెం తీసుకొచ్చాను. పోతమ్మే ఇక్కడికి వస్తానంది. క్వార్టర్ గురించి నేను ఇప్పటికీ అడగలేదు. ఆమె అడుగుతోందట. ఆపలేదు. ఆయనతో ఎవరి స్నేహం వాళ్ళది.

ఈ పొద్దున్న ఎప్పటిలాగే చీకట్నే లేచాను. గోడ వైపు కూర్చుని మనసులోనే మొదలుపెట్టాననుకున్నాను. వెనక నుంచి పోతమ్మ నా భుజం తట్టింది.

"మామ్మగోరూ, మెల్లగా అనండి. గుంట నిద్దరోతంది. ఆయనకి ఇనబడతాది."

మెల్లగా అన్నాను.

నీ మామ్మ,
వరహాలమ్మ